ట్యాబ్ తెరపై ఎవరి తెలుగు?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబుల పంపిణీ ప్రారంభించింది. మరుసటి ఏడాది అదే రోజున రెండో విడత మొదలైంది. దళిత, బహుజన పిల్లలకు అంత ఖరీదైన వస్తువు దేనికని అడిగినవారితో నాకు పేచీ ఉంది. తమ పిల్లలకు అంతకు రెట్టింపు ధర పెట్టి కొనిచ్చినవారే ఆ ప్రశ్న ఎక్కువగా వేశారు. నా అభ్యంతరం వేరు. ఆ తెర మీదికి ప్రధానంగా గణితం, సైన్సు పాఠాలే వచ్చాయి. వాటిని సమకూర్చిన బైజూస్ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. సాహిత్య పఠనానికి ఆ పరికరం ఏ మేరకు పనికొస్తుందన్న చర్చ మాత్రం జరగలేదు.

నిరంతర సమగ్ర మూల్యాంకనంలో తెలుగుకు పుస్తక సమీక్ష, ప్రాజెక్టు పని ఉన్నాయి. నూజివీడు ప్రాంతపు ఉన్నత పాఠశాలల్లో అలాంటి ప్రాజెక్టు పుస్తకాలు కొన్ని చూశాను. జాషువా మీద రాసినవే ఎక్కువ. 1895లో వినుకొండలో జననం, బిరుదులు, రచనల పట్టిక, అతికించిన బొమ్మ: అందరూ ఒకే చోట నుంచి దించినవే. పంచముడికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలానికి అడ్డు లేదు కనుకనే కవి దాన్ని దూతగా ఎంచుకున్నాడన్న సంగతి వాటిలో లేదు. పిల్లలను తప్పుపట్టలేం. కవి గురించిన సమాచారం వేలి కొసన ఉంది, కావ్యం లేదు.

ఎందుకు లేదన్నది కులంతో ముడిపడిన విషయమే. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన 60 ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుంది. 1958లో కన్నుమూసిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని ఇప్పుడు ఎవరైనా ఉచితంగా తెరకెక్కించవచ్చు. 1971లో మరణించిన జాషువా రచనలకు 2031 చివరిదాకా ఆ వీలు లేదు. 1995లో వెలువడిన ‘చిక్కనవుతున్న పాట’ సంగతి చెప్పనక్కరలేదు. అంటే ఉచిత గ్రంథాలయంలో దళితుల గురించి ఇతరులు రాసినది ముందు దొరుకుతుంది, దళితులు రాసుకున్నది చాలా ఆలస్యంగా దొరుకుతుంది. అచ్చులోకి ఆలస్యంగా రానిచ్చిన సమాజం వేసిన రెండో వాయిదా ఇది. అలాగని కాపీరైటు వదులుకోమని దళిత కవులను అడగడం అన్యాయం. పరికరానికి డబ్బు చెల్లించిన ప్రభుత్వం కవికీ చెల్లించాలి.

ట్యాబులో చదవడానికే కాదు, వినడానికీ రాయడానికీ కూడా వీలుంది. నూజివీడులో మామిడి కోతలూ వేసవి సెలవులూ కలిసే వస్తాయి. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టర్ కాయలు తోట దాటే లోపు ఎన్నో చేతులు మారతాయి. చిక్కం కట్టిన గెడతో కాయ దించేవారికి, గడ్డి పరిచి పెట్టెలకెత్తే స్త్రీలకు తమ పనికి సంబంధించిన మాటలు, పాటలు, పొడుపుకథలు ఉన్నాయి. తొమ్మిదో తరగతి విద్యార్థి వాటిని రికార్డు చేసి, విన్నది విన్నట్టు రాస్తే అదే సాహిత్య ప్రాజెక్టు. ఉపాధ్యాయుడు ఎర్ర సిరాతో దాన్ని ‘శిష్టం’ చేయకూడదు. చెప్పినవారి పేరు, వారు ఒప్పుకుంటేనే, మొదటి పేజీలో ఉండాలి. మన విశ్వవిద్యాలయాల జానపద పరిశోధనల్లో సేకర్త పేరు అట్ట మీదికీ, పాడినావిడ పేరు అనుబంధంలోకీ పోవడం పరిపాటి.

ఒక జాగ్రత్త అవసరం. ఈ పనిని ఎస్సీ కాలనీ పిల్లలకే అప్పగిస్తే వారు తరగతిలో ప్రదర్శన వస్తువులవుతారు. తోట యజమాని కొడుకూ ఆ గొంతులు విని రాయాలి. తన ఇంట్లో కూలీలను ఏ పిలుపుతో పిలుస్తారో కూడా రాయాలి. ఎవరి కులమూ తరగతిలో బయటికి అడగకూడదు.

సాంకేతిక సాయానికి దూరం పోనక్కరలేదు. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ నూజివీడులోనే ఉంది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ ఇంజనీరింగ్ చదువుతున్నారు. బొమ్మలుగా మాత్రమే స్కాన్ చేసి వదిలేసిన పాత తెలుగు పుస్తకాలను వెతకడానికి వీలైన అక్షరాలుగా మార్చే పని, పాఠశాలల రికార్డింగులను భద్రపరిచే పని వారికి ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. మొదటి ఏడాదికి ఒక్క మండలం చాలు. బడులు మూతపడకముందే, మార్చిలో తెలుగు ఉపాధ్యాయులు ట్రిపుల్ ఐటీ విద్యార్థులతో ఒకసారి కూర్చుంటే, ఏప్రిల్ కోతలకు పిల్లలు సిద్ధంగా ఉంటారు.