మందు మోండా మార్కెట్‌లో... నిదానం ఆకాశంలో!

కార్తీక మాసం ప్రవేశించగానే చేతిసంచీ పట్టుకొని సికిందరాబాదు మోండా మార్కెట్‌కు వెళ్ళడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. కూరగాయల బుట్టలు, పూలమాలలు, పూజాద్రవ్యాల కొట్లు దాటి వెళితే నాకు తెలిసిన వనమూలికల దుకాణం ఒకటి ఉన్నది. అక్కడ శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, అతిమధురం కొని, పక్క కొట్టులో సాంబ్రాణి కూడా తీసుకుని ఇల్లు చేరతాను. చలికాలంలో మా మనుమడికి వచ్చే దగ్గుకు ఈ సరుకులతో చేసే కషాయమే మా ఇంటి వైద్యం.

కిందటి ఏడు నెల తిరగకుండానే రెండవసారి వెళ్ళిన నన్ను చూసి దుకాణదారు, "మళ్ళీ త్రికటు సరుకులేనా అయ్యగారూ? బాబుకు దగ్గు ఇంకా తగ్గలేదా?" అని అడిగాడు. ఆ మాట నన్ను ఆలోచనలో పడవేసింది. మందు మంచిదే, తయారుచేసే పద్ధతీ సరియైనదే. మరి దగ్గు ఎందుకు తిరిగి వస్తున్నది?

పిల్లవాణ్ణి వైద్యునికి చూపించాము. పొగ, ధూళి సోకినప్పుడల్లా వాడి శ్వాసనాళాలు రేగుతున్నాయని ఆయన చెప్పారు. రోగకారణాన్ని తొలగించడమే చికిత్సకు మొదటి మెట్టు అని ఆయుర్వేదం బోధిస్తుంది. దీనికే నిదాన పరివర్జనమని పేరు. నేను ఇన్నాళ్ళూ మందును గూర్చి ఆలోచించానే గాని, నిదానాన్ని గూర్చి ఆలోచించలేదు.

చరకుడు చెప్పిన వాయుదోషం

చరక సంహిత విమాన స్థానంలో మూడవ అధ్యాయం జనపదోధ్వంసాన్ని గూర్చినది. వేరువేరు ప్రకృతులు గల మనుషులందరూ ఒకేసారి రోగగ్రస్తులు కావడానికి వాయువు, జలము, దేశము, కాలము చెడిపోవడమే కారణమని ఆత్రేయ మహర్షి అగ్నివేశునికి వివరిస్తాడు. చెడిన వాయువు లక్షణాలలో ఇసుక, ధూళి, పొగ కలిసి ఉండడాన్ని కూడా పేర్కొన్నాడు.

నేటి శాస్త్రజ్ఞులు ఆ ధూళిని పరిమాణాన్ని బట్టి విభజించారు. 2.5 మైక్రాన్లు, అంతకంటె సన్నని కణాలను పి.ఎం. 2.5 అంటారు. తల వెంట్రుక మందంలో ఇవి ఇరవయ్యో వంతుకు మించవు. ముక్కులోని వెంట్రుకలు, జిగురు వీటిని పూర్తిగా ఆపలేవు. ఇవి ఊపిరితిత్తుల లోతట్టుకు చేరి ఉబ్బసం, గుండెజబ్బులకు దోహదం చేస్తాయి. ఘనపు మీటరు గాలిలో వీటి వార్షిక సగటు 40 మైక్రోగ్రాములు మించరాదని మన దేశం 2009లో ప్రమాణం పెట్టుకున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 5 మాత్రమే.

ఆకాశం నుండి నాడీపరీక్ష

ఒకనాటి సాయంత్రం మా కోడలు తన ఫోనులో ఒక పటం చూపించింది. నాసా వారు అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచిన ఉపగ్రహ చిత్రమది. పంజాబు, హర్యానాలపై ఎర్రని చుక్కలు కుంకుమ చల్లినట్లున్నాయి. అవి వరికొయ్యలు కాలుస్తున్న మంటలట! వాటి దిగువన గంగా మైదానమంతా బూడిదరంగు పొగ పరచుకొని ఉన్నది.

ఉపగ్రహం ధూళిని ఎలా చూస్తుంది? నేలకూ ఉపగ్రహానికీ మధ్య ఉన్న కణాలు సూర్యకాంతిని చెదరగొడతాయి, కొంత మింగివేస్తాయి. 1999లో ప్రయోగించిన టెర్రా, 2002లో ప్రయోగించిన ఆక్వా ఉపగ్రహాలలోని మోడిస్ పరికరం ఆ కాంతిని వేరువేరు రంగులలో కొలిచి, గాలి ఎంత మసకబారినదో ఒక అంకెగా చెబుతుంది. నిర్మలాకాశానికి ఆ అంకె 0.1 ప్రాంతంలో ఉంటే, దట్టమైన పొగకు 1 దాటుతుంది. సన్నని పొగకణాలు నీలికాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. ముతక ఇసుకరేణువులు అన్ని రంగులనూ దాదాపు సమంగా చెదరగొడతాయి. ఈ తేడాను బట్టి అది ఎడారి ధూళియో, మంటల పొగయో గుర్తిస్తారు. గాలి వచ్చిన దారిని వెనుకకు లెక్కగట్టి పుట్టినచోటును అన్వేషిస్తారు. మన ఇన్సాట్-3డిఆర్ (2016) సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునుండి దేశాన్ని కనిపెట్టి చూస్తున్నది.

ఈ విద్యకు మన నగరమే ఒక పీఠం. మోండా మార్కెట్‌కు కొద్ది మైళ్ళ దూరాన బాలానగర్‌లో ఉన్న జాతీయ దూరసంవేదన కేంద్రంలో శాస్త్రజ్ఞుడు కె.వి.ఎస్. బదరీనాథ్, ఆయన సహచరులు హైదరాబాదుపైకి వచ్చిన ఒక ధూళి తుఫానును ఉపగ్రహ చిత్రాలతోను, నేలమీది కొలతలతోను పరిశీలించి 2007లో పరిశోధన పత్రం ప్రచురించారు. గంగా మైదానంలో పంటవ్యర్థాలు కాల్చిన పొగ సుదూరం ప్రయాణించే తీరును 2009లో వివరించారు. గాలికి ఎల్లలు లేవు గదా!

అయితే ఉపగ్రహానికీ పరిమితులున్నాయి. మబ్బు పట్టిన రోజున అది కణాలను కొలవలేదు. గాలి పొర మొత్తాన్ని చూస్తుందే గాని మన ముక్కు ఎత్తున ఎంత ఉన్నదో నేరుగా చెప్పలేదు. అందుకే సనత్‌నగర్, జూపార్కు వంటి చోట్ల నేలమీది యంత్రాల కొలతలతో సరిచూస్తారు.

పటంలో కనిపించని పొగ

"ఎక్కడో పంజాబులో మంటలు! మనమేం చేయగలం?" అని నేను నిట్టూర్చాను. కోడలు మెల్లగా, "మామయ్యగారూ, ఈ పటంలో మన పెరడు కనపడదు. మీరు సాయంత్రం తగలబెట్టే ఎండుటాకులు, గదిలో వేసే సాంబ్రాణి, రాత్రి వెలిగించే దోమల చుట్ట కూడా పొగే కదండీ! ఒక చేత్తో కషాయం, ఇంకో చేత్తో పొగ ఇస్తున్నామేమో" అన్నది.

నాకు మాట రాలేదు. చలికాలపు రాత్రులలో గాలి నేలకు దగ్గరగా నిలిచిపోతుంది, పొగ పైకి పోదు. దూరాన పుట్టిన పొగకు మన వీధి వాహనాల పొగ, మన ఇంటి పొగ తోడవుతాయి. పిల్లవాడి ఊపిరికి ఆ మూడూ ఒకటే.

ఇంటిలో చేయదగినవి

ఆకులను కాల్చక గుంటలో వేసి ఎరువు చేయవలెను. మూసిన గదిలో సాంబ్రాణి, అగరువత్తులు, దోమల చుట్టలు మానవలెను, దోమతెర శ్రేష్ఠము. పోపు వేయునప్పుడు వంటింటి కిటికీ తెరవవలెను. గాలి బాగా చెడిన రోజులలో తెల్లవారుజామున వ్యాయామము తగదు. బయటకు పోక తప్పనివారు ముఖానికి చక్కగా అమరిన ఎన్-95 మాస్కు ధరించవలెను.

ఏడు తులసి ఆకులు, అయిదు మిరియాలు, చిటికెడు శొంఠి పొడి గ్లాసుడు నీటిలో వేసి సగమగువరకు మరిగించి, గోరువెచ్చగా త్రాగిన గొంతుకు హాయి కలుగును. కాని ఊపిరితిత్తులలో చేరిన ధూళిని ఏ కషాయమూ కడిగివేయజాలదు. ఉబ్బసము కలవారు వైద్యుడిచ్చిన ఇన్‌హేలరును మానరాదు. ఆయాసము, పిల్లికూతలు ఉన్నచో వెంటనే వైద్యుని చూడవలెను.

ఈ ఏడు కార్తీకంలో మోండా మార్కెట్‌కు ఒక్కసారే వెళ్ళాను. మనుమడి దగ్గు పూర్తిగా పోలేదు, కాని రాత్రిళ్ళు లేచి కూర్చోవడం లేదు. పక్క కొట్టతను, "సాంబ్రాణి వద్దా అయ్యగారూ?" అని అడిగాడు. వద్దని చెప్పి సంచీ సర్దుకున్నాను. తెలిసి చేసే తప్పును చరకుడు ప్రజ్ఞాపరాధమన్నాడు. పంజాబు మంటలు ఆర్పడం నా చేతిలో లేదు. మా పెరటి మంట మాత్రం ఆరిపోయింది.