మాట తడబడినంతనే మతి పోయినట్లు గాదు

కాలు విరిగినవానికి ఊరంతయు చేయూత నిచ్చును. వాని కట్టు అందఱి కంటికిని కనబడును గదా! తలకు దెబ్బ తగిలి, పైగాయము మానిన పిమ్మటను మాట కుదురనివాని కష్టము మాత్ర మెవరికిని కనబడదు. అందుచే అట్టివానిని పిచ్చివాడనియు, మొండివాడనియు త్రోసివేయుట కలదు. ఈ విషయమును గూర్చి మన సంఘ సభ్యులకు నాలుగు మాటలు మనవి చేయ నెంచితిమి.

ట్రాక్టరు తిరుగబడుట, తాటిచెట్టుపైనుండి జాఱిపడుట, హెల్మెట్టు లేక మోటారు సైకిలుపై పోవుట మున్నగువానివలన తలదెబ్బలు తగులుచున్నవి. ప్రాణము దక్కిన పిమ్మట మాట చిక్కు బయటపడును. మాట పడిపోయినదనగానే మనవారు గొంతునకు జబ్బు చేసినదని యెంచి, హైదరాబాదులో కోఠియందలి ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రిని తలంతురు. చెవి పరీక్ష అవసరమే. ఏలయన తలదెబ్బచే వినికిడియు తగ్గవచ్చును. కాని గొంతును నాలుకయు చక్కగా నున్నను, మెదడు దెబ్బతిన్నచో మాట చెడును.

1861లో పారిస్ నగరమున బ్రోకా అను వైద్యుడు, దాదాపు 'టాన్' అను శబ్దము తప్ప మఱేమియు పలుకజాలని యొక రోగి మరణించిన పిదప వాని మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందుభాగము చెడియుండుట కనుగొనెను. ఆ రోగి బ్రతికియుండగా ఎదుటివారి మాటలను చాలవఱకు గ్రహించుచునే యుండెను. పలుకలేకుండుట వేఱు, తెలియకుండుట వేఱు.

తలదెబ్బ తిన్నవారిలో ఈ చిక్కు పలువిధముల నుండును. ఒకనికి ఎదుటనున్న నాగలి పేరు నోటికి రాదు. ఒకనికి నాలుక స్వాధీనము గాక మాట ముద్దగా వచ్చును. మఱియొకడు ధారాళముగా మాటలాడును గాని, విత్తనముల ప్రసంగ మెత్తి పెండ్లి ప్రసంగమునకు పోవును. పదిమంది యొక్కసారి మాటలాడిన నొకనికి ఏమియు తలకెక్కదు. వెనుక నెమ్మదస్థుడైనవాడు ఇప్పుడు కటువుగా పలుకవచ్చును. నోరు మంచిదైన ఊరు మంచిదని సామెత. కాని యీ కటుత్వము గుణదోషము గాదు, గాయదోషము. జ్ఞాపకమును, నిలుకడయు కొంత తగ్గుటయు గలదు. అయినను వాని యిష్టానిష్టములు వానివే.

ఇంటివారు చేయదగిన పనులు కష్టమైనవి గావు. సందడి లేని చోట, ఒక్కొక్కరే, చిన్న మాటలతో మాటలాడవలెను. ప్రశ్న వేసి జవాబునకు ఓపికతో వేచియుండవలెను. నోటిలోని మాటను లాగికొని మనమే ముగింపరాదు. అవును, కాదు అని తలయూచి చెప్పదగిన ప్రశ్నలు మేలు. సైగలు, బొమ్మలు, వ్రాత అన్నియు సాధనములే. చిన్నపిల్లవానితో వలె కేకలు వేయరాదు. మొదటి ఆఱు నెలలలో గుణము త్వరగా కనబడును. పిమ్మటను సంవత్సరముల తరబడి నెమ్మదిగా సాగవచ్చును. కావున మాట నేర్పు చికిత్సను మధ్యలో మానరాదు. సికింద్రాబాదు మనోవికాస్ నగరులో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్శ్రవణ సంస్థ యొక్క ప్రాంతీయ కేంద్రము గలదు.

ఇక మన సంఘముల విధి. 2016 సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము, మెదడు నరముల కారణమున శాశ్వతముగా నేర్పడిన వాగ్భాషా వైకల్యమును వైకల్యములలో నొకటిగా చేర్చినది. దివ్యాంగులకు ఇతరులతో సమానముగా చట్టము ముందు గుర్తింపు నిచ్చినది. కాగా అట్టి సభ్యుని వాటా వానిదే, భూమి వానిదే, మహాజన సభలో వోటును వానిదే. అప్పు పత్రముపై వేలిముద్ర గొనుటకు ముందు, పాలకవర్గమువారు దానిని నెమ్మదిగా చదివి వినిపించి, ఒకే విషయమును రెండు విధముల నడిగి, వాడు గ్రహించెనని రూఢి చేసికొనవలెను. కుమారుని మాటయే తండ్రి మాట యని యెంచరాదు. ఎంత సాయము చేసినను గ్రహింపలేనియెడల, చట్టప్రకారము సంరక్షకుని నియమింపజేయవలెను గాని, చేయి పట్టి వేలిముద్ర వేయింపరాదు.

ఒకరికొకరు తోడగుటకే గదా సహకార మేర్పడినది! మాట కొఱకు తడుముకొను సభ్యుని కొఱకు సభలో అయిదు నిమిషములు వేచియుండుటయు సహకారమే యని మా విన్నపము.