ఆదవాని చిత్రశాల



పల్లెపట్టున నున్న చిత్రశాలను చూడబోవుటను గూర్చి నేడు నన్ను మాటలాడుమన్నారు. ఈ విషయము విన్నంతనే తమలో కొందరు నవ్వుకొనియుందురు. ఆదవాని యనగా ప్రత్తిబేళ్లు, వేరుసెనగ బస్తాలు. ఎమ్మిగనూరనగా మగ్గములు, నీలకంఠేశ్వరుని జాతరలో ఎద్దుల సంత. ఈ ఎఱ్ఱని యెండలో చిత్రశాల యెక్కడిదని తమకు తోచుట సహజము. నాకును చాలకాలము అట్లే తోచెను. ముప్పదేండ్లకు పైగా ఈ ప్రాంతపు పాఠశాలలలో బాలురకు తెలుగు సంస్కృతములు చెప్పితిని. పాఠము నడుమ ఆదవాని కోట కథను ఎన్నిసారులు చెప్పితినో లెక్కలేదు. అయినను ఆ కోటలో నొకప్పుడు దక్షిణాపథమున పేరెన్నికగన్న చిత్రసంచయ ముండెనని ఎఱుగకయే ఉద్యోగవిరమణ చేసితిని.

ఆ సంగతి నాకు మన ఊర తెలియలేదు. మరుభూమిలో తెలిసినది. కొన్ని సంవత్సరముల క్రిందట నలుగురము కలిసి పుష్కర తీర్థయాత్రకు పోయి, తోడివారి కోరికపై బికనేరు పట్టణమునకుగూడ పోయితిమి. అచ్చట జూనాగఢమను కోట కలదు. కోటను చూపుచున్న పెద్దమనిషి మమ్ము మీదే దేశమని అడిగెను. కర్నూలు జిల్లా, ఆదవాని ప్రాంతమని నేను చెప్పితిని. ఆతడు రెండడుగులు వెనుకకు వేసి, "ఆదూణీయా? మా అనూపసింగు మహారాజు ప్రాణములు విడిచిన ఊరు గదా!" అనెను. ఆదూణీ యనునది ఆదవానికి వారు పెట్టుకొన్న ఉచ్చారణము. వేయి మైళ్ల దూరమున ఒక సామాన్యునకు మన ఊరిపేరు చరిత్రతోసహా తెలిసియుండుటయు, చరిత్ర చెప్పిన నాకు వారి రాజుపేరు తెలియకుండుటయు తలచుకొని సిగ్గుపడితిని. ఇంటికి వచ్చిన పిదప దొరికిన గ్రంథములన్నియు చదివితిని. తెలిసినదానిని మనవి చేసెదను.

17వ శతాబ్ది యుత్తరార్ధమున ఆదవాని బిజాపురపు ఆదిల్‌షాహీ సుల్తానుల ఏలుబడిలో నుండెను. ఇచ్చట అధికారి సిద్ది మసూదుఖాను. ఇతడు హబ్షీ జాతివాడు, అనగా ఆఫ్రికా ఖండమునుండి వచ్చినవారి సంతతివాడు. మన ప్రాంతపువారికి ఇతని పేరు మంత్రాలయ కథవలన తెలిసియే యుండును. 1671లో బృందావన ప్రవేశము చేసిన రాఘవేంద్రస్వామివారికి మంచాల గ్రామమును ఇచ్చినవాడు ఇతడేయని మఠ సంప్రదాయము చెప్పుచున్నది. బిజాపురమున బాలుడైన సికందరు సుల్తానునకు సంరక్షకుడై కొంతకాలము రాజ్యభారము వహించి, అచ్చటి కలహములకు విసిగి, 1683లో ఆదవానికి వచ్చి నిలిచెను. జామా మసీదు ఇతని కట్టడమే. ఇతనికి చిత్రములన్న మక్కువ యెక్కువ. బిజాపురపు చిత్రకారులు వ్రాసిన పటములను, రాగమాలలను సేకరించి ఈ కొండకోటలో నుంచుకొనెను.

రాగమాల యనగా నేమో కొంచెము చెప్పవలసియున్నది. సంగీత శాస్త్రకారులు రాగమునకు రూపము కల్పించి ధ్యానశ్లోకములు చెప్పినారు. తోడి యనిన వీణ మీటుచున్న వనిత, ఆ నాదమునకు చేరవచ్చిన లేళ్లు. హిందోళ మనిన ఉయ్యాల. చెవికి మాత్రమే అందునట్టి దానిని చిత్రకారుడు ఆ శ్లోకము నాధారము చేసికొని కంటికి చూపును. ఇది సంస్కృత విద్యకు సంబంధించినది. దీనిని ఆదరించినవారు తురక ప్రభువులు. విపరీతమేమియు లేదు. 1580 మొదలు 1627 వరకు బిజాపురము నేలిన రెండవ ఇబ్రహీము ఆదిల్‌షా తాను రచించిన 'కితాబె నౌరస్' అను గేయ గ్రంథములో సరస్వతిని, గణపతిని స్తుతించినాడు. తన తంబురకు మోతీఖాను అని పేరు పెట్టుకొన్నంత గాన పిచ్చివాడు. అట్టి కొలువునుండి జారిన సొమ్మే ఆదవాని కోటలోని చిత్రములు.

ఇవి గోడపై వ్రాసిన చిత్రములు కావు. చేతిలో పట్టుకొని దగ్గరగా చూడవలసిన కాగితపు చిత్రములు. కాగితమును నున్నని రాతితో మెరుగుపెట్టి, ఉడుత వెండ్రుకల కుంచెతో గీసి, రాళ్లు నూరిన రంగులను, నీలిమందును, బంగారు పొడిని పూయుదురు. ఎంతటి సన్నని పనియో, అంతటి దుర్బలమైన సొత్తు. చెదపురుగు చాలును, ఇంటి కప్పునుండి కారిన వాన చాలును.

ఆ చిత్రములు మననుండి పోయిన విధము వినుడు. ఔరంగజేబు 1686లో బిజాపురమును, 1687లో గోలకొండను పట్టుకొనెను. మరుసటి యేడు మొగలు సేనాని ఫిరోజ్‌జంగు ఆదవానిని ముట్టడించెను. ఇతడు హైదరాబాదు నిజాముల మూలపురుషుని తండ్రి. కోట లొంగలేదు. అంతట శత్రువులు ఫిరంగులను జామా మసీదువైపు త్రిప్పిరనియు, ప్రాణముకంటె మిన్నగా ప్రేమించిన కట్టడము కూలుట చూడలేక మసూదుఖాను కోట తలుపులు తీయించెననియు మన ఊర చెప్పుకొందురు. కథలోని ప్రతి మాటకు సాక్ష్య మడుగరాదు గాని, కోట లొంగిన మాటయు మసీదు నేటికిని నిలిచియున్న మాటయు నిజము. మొగలులు ఊరికి ఇంతియాజ్‌గఢ మని పేరు మార్చిరి. ఆ పేరు మన నోట నిలువలేదు.

మొగలు సేనలోనివాడే బికనేరు రాజగు అనూపసింగు. 1669లో రాజ్యమునకు వచ్చి, ఆయుర్దాయములో పెద్దభాగము దక్షిణాపథపు శిబిరములలోనే గడిపెను. జయించిన పిదప ఆదవాని అధికారము ఇతనికి లభించెను. 1698లో ఇచ్చటనే మరణించెను. మసూదుఖాను చిత్రములు ఇతనిద్వారా బికనేరు చేరినవి. అవి ఆదవాని కొల్లలో లభించినట్లు కొన్నిటి వెనుక వారి భాషలో వ్రాసియుంచిరి. చిత్రములే కాదు. మొగలు సైనికులచే కరగిపోవలసిన కంచు దేవతా విగ్రహములను పెక్కింటిని సేకరించి పంపెను. అవి జూనాగఢములో ముప్పదిమూడు కోట్ల దేవతల ఆలయమున నున్నవి. దక్షిణదేశపు సంస్కృత గ్రంథములను కొనియు, తెప్పించియు, తన భాండాగారమున నుంచెను. అదియే నేటి అనూప సంస్కృత గ్రంథాలయము. 1880లో రాజేంద్రలాల మిత్రుడు కలకత్తానుండి ప్రకటించిన బికనేరు గ్రంథముల పట్టిక చూచినవారికి ఆ సంపద యెంతటిదో తెలియును. భావభట్టను సంగీత పండితుడు ఆ కొలువుననే 'అనూప సంగీత రత్నాకరము' మొదలగునవి రచించెను. అనూపసింగు ఆస్థాన చిత్రకారుడు రుక్నుద్దీను మొదలుగా బికనేరు చిత్రకారుల చేతిలో మన దక్షిణపు రంగులును భంగిమలును ప్రవేశించినవి.

ఇది కొల్లయా, రక్షణయా? బికనేరునుండి తిరిగివచ్చిన క్రొత్తలో నేను దీనిని కేవలము దోపిడి యనియే అంటిని, మిత్రులతో వాదించితిని. తరువాత నా వాదము నాకే నిలువలేదు. 1786లో టిప్పు సుల్తాను ఆదవానిని ముట్టడించి పట్టుకొని కోట గోడలను పడగొట్టించెను. చిత్రము లందుండినచో ఆ యేడు ఏమైయుండెడివి? అది యటుండనిండు. మా యింటి మాట చెప్పెదను.

మాది తుంగభద్ర చేరువ పల్లె. మా తాతగారి కాలపు తాటియాకుల గ్రంథములు అటకపై రెండు పెట్టెలనిండ నుండెడివి. నాకు పండ్రెండేండ్లప్పుడు ఇల్లు విప్పి కట్టించిరి. కప్పు తీయగా ఆకులు చెదతిని కొన్ని పొడియైయుండెను, కొన్ని బాగుగనే యుండెను. శిథిల గ్రంథమును నదిలో నిమజ్జనము చేయుట ఆచారము. ఏది శిథిలము, ఏది కాదు అని విడదీసి చూచు తీరిక ఎవరికిని లేకపోయెను. ఒక పుణ్యదినమున రెండు పెట్టెలను నదికి మోసికొనిపోయినవారిలో నేనొకడను. ఆకులు చాలసేపు మునుగలేదు. వాటిని చూచి కేరింతలు కొట్టితిమి. మిగిలినవి ఒక గ్రంథపు అట్టలుగా నుండిన రెండు చెక్కలు మాత్రమే. అవి మా అమ్మ పాలకుండపై మూతకు పనికివచ్చినవి. దాడిచేసి కొనిపోయినవాడు భద్రపరచెను. ఆచారమెఱిగిన మేము పోగొట్టుకొంటిమి. అప్పటినుండి అనూపసింగును నిందింపబోయినప్పుడెల్ల నాలుక వెనుకకు పోవుచున్నది.

బికనేరు చేరినవిగూడ అన్నియు అచ్చటనే నిలువలేదు. 20వ శతాబ్దిలో అనేకములు చేతులు మారి దేశవిదేశముల ప్రదర్శనశాలలకు పోయినవి. 2015లో అమెరికాలోని న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలవారు దక్కను సుల్తానుల కళకు ప్రత్యేకముగా ప్రదర్శనము నడిపిరి.

అట్లయిన ఆదవానిలో చూడవలసినదేమి? ముందుగా జామా మసీదునకు పొండు. అచ్చటివారి అనుమతి గైకొని, ప్రార్థన వేళ కానప్పుడు, పాదరక్షలు విడిచి ప్రాంగణమున కూర్చుండుడు. తొందరపడి చూచి రావలదు. తరువాత కొండ యెక్కుడు. నల్లరాతి గుండ్ల నడుమ త్రోవ మలుపులు తిరుగును; వేసవిలో ఉదయము ఎనిమిది దాటినచో రాయి కాలును. పైనుండి చూచిన ఊరు, రామజలము, ఆవల నల్లరేగడి చేలు కానవచ్చును. మా పిల్లలను తీసికొనిపోయినపుడు కోటను చూపుటకంటె రణమండల ఆంజనేయుని దర్శనమునకే సమయము చాలెడిది. 1953 అక్టోబరు 1వ తేదీ వరకు ఆదవాని బళ్లారి జిల్లాలోనిదను మాట మరువక, పాత లెక్కలు వెదకువారు బళ్లారి జిల్లా గ్రంథములనే తిరుగవేయవలెను.

ఆదవానినుండి ఎమ్మిగనూరు సుమారు 30 కిలోమీటర్లు. చిత్రశాలలో రెండవ గది ఇదియని నా భావము, ఇందు సొమ్ము ఇంకను వాడుకలో నున్నది. ఇచ్చట మాచాని సోమప్పగారు 1938లో చేనేతవారి సహకార సంఘమును స్థాపించిరి. అంతకు మునుపు నేతగాడు షావుకారువద్ద నూలు అప్పు తెచ్చి, నేసిన గుడ్డ ఆతనికే ఇచ్చి, అప్పు మిగిలించుకొనుట వాడుక. సంఘము నూలు ఇచ్చి గుడ్డ తీసికొని కూలి చేతికిచ్చెను. ఎమ్మిగనూరు దుప్పట్లకును తువ్వాళ్లకును పేరు వచ్చినది. సోమప్పగారికి 1954లో పద్మశ్రీ లభించెను.

గుంటమగ్గమును ఎన్నడును శ్రద్ధగా చూడనివారు ఒకసారి చూడుడు. నేతగాడు నేలలోని గుంటలో కాళ్లు దించి కూర్చుండును. పడుగు ఎదుట సాగియుండును. కాలితో చెక్కను త్రొక్కగా పడుగు పోగులు రెండుగా విడును. ఆ సందున నాడె ఈ చేతినుండి ఆ చేతికి పరుగెత్తుచు పేకను పఱచును. అచ్చుతో దగ్గరకు కొట్టును. గుంట యెందుకన్న, కాళ్లకు తావు దొరకుటకే కాక, నేల చెమ్మవలన నూలు తెగకుండుటకు. మగ్గములో ఎక్కకముందే పడుగును వీధి పొడవున సాగదీసి గంజి పట్టింతురు. ఆ వేళ నాలుగు చినుకులు పడినచో ఇంటిల్లపాది శ్రమ వ్యర్థము. అంచున పువ్వు ఎన్ని పోగులకు రావలెనో కాగితముపై నుండదు, చేతిలో నుండును. ఆ చేయి పోయిన పువ్వు పోవును.

కొంతకాలము క్రిందట ఒక యింట రాట్నముపై కండెలు చుట్టుచున్న ముదుసలిని, పాత చీర యేదైన నున్నదా చూచెదనని అడిగితిని. "ఏముండాది అయ్యవారూ సూసేకి! మా మామ నేసిండే చీర ఒకటి ఉండె. అంచు శానా బాగుండె. మొన్న స్టీలు సామాన్లోనికి ఏస్తిమి," అనెను. దానికి వచ్చిన గిన్నెను చూపెను. అందు మజ్జిగ పోసి నాకిచ్చెను. మా అమ్మ పాలకుండపై మూత జ్ఞాపకమునకు వచ్చి, నేను మారు పలుకక త్రాగితిని.

ఇక తమవంటి పెద్దల యిండ్లలో నుండదగినవానిని గూర్చి రెండు మాటలు. తాటియాకుల కట్ట దొరకినచో, తాడు తెగినను ఆకుల వరుస మార్చవలదు, తడిగుడ్డతో తుడువవలదు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, నూలుగుడ్డలో బిగువుగా చుట్టి, వసకొమ్ములు, ఎండిన వేపాకు వేసి, గోడకు తగులకుండ ఎత్తున నుంచవలెను. అక్షరములు కానరానిచో నిమ్మగడ్డి నూనెలో దీపపు మసి కలిపి ఆకుపై రుద్ది తుడిచిన గాట్లలో నలుపు నిలుచును. అయినను అలవాటులేని చేయి దానికి పూనుకొనరాదు. ఇట్టి గ్రంథములను గుర్తించి నమోదు చేయుటకు 2003లో కేంద్ర ప్రభుత్వము జాతీయ పథకమును ఆరంభించినది. తిరుపతిలోని ప్రాచ్య పరిశోధనాలయమునందు తాళపత్రముల నెరిగినవారు కలరు. పాత చీర అంచులను మడతమీద మడత పెట్టక, కఱ్ఱకు చుట్టి యుంచుడు. మడత పడినచోట జరీ విరుగును.

ఊరి దేవళమునందు గాని, చావడివద్ద గాని అక్షరములున్న రాయి యుండినచో సున్నము కొట్టింపవలదు. రాతిపై సుద్దపొడి చల్లి, ఉదయపు నీరెండలో ప్రక్కనుండి చూచిన అక్షరములు తేలును. మైసూరునందు శాసనములు చదువు ప్రభుత్వ శాఖ కలదు. వారికి ఉత్తరము వ్రాసి, ఛాయాపటము జతపరచుడు. మా ఊరి రచ్చకట్టవద్ద అట్టి రాయి యొకటి మూడు పొరల సున్నము క్రింద నున్నది. నిరుడు వానకాలమున ఒక మూల పొర యూడి 'స్వస్తి' అను మాట బయటపడినది. మిగిలిన సున్నమును గోరుతో కూడ తీయవలదని పిల్లలతో చెప్పియుంచితిని.