నౌకాయుద్ధ క్రీడలు – చారిత్రక సత్యం

అంతర్జాలంలో యువత ఆడే తెరచాప నౌకాయుద్ధ క్రీడలలో కొన్ని ఫిరంగుల సంఖ్యనే బలంగా లెక్కిస్తాయి. చరిత్ర చెప్పేది వేరు.

1804 సెప్టెంబరు 15న లినోయ్ నాయకత్వాన మూడు ఫ్రెంచి యుద్ధనౌకలు విశాఖపట్నం రేవుపైకి వచ్చాయి. వాటిలో మరెంగో 74 ఫిరంగుల నౌక. రేవును కాచిన ఆంగ్ల యుద్ధనౌక సెంచూరియన్‌ది 50 ఫిరంగుల స్థాయి. దాని కెప్టెన్ అప్పటికి ఒడ్డుననే ఉండగా లెఫ్టినెంట్ ఫిలిప్స్ పోరు ప్రారంభించాడు. సెంచూరియన్ తీవ్రంగా దెబ్బతిన్నది, కాని లొంగలేదు. కారణమేమి? భారీ నౌక అడుగుభాగం నీటిలో చాలా లోతుగా దిగి ఉంటుంది. తీరం చెంత నీరు లోతు తక్కువ. ఇసుకమేటల భయం ఎక్కువ. అందువల్ల మరెంగో దగ్గరకు వచ్చి తన బలమంతా చూపలేకపోయింది. చివరకు లినోయ్ ఒక వాణిజ్యనౌకను మాత్రం పట్టుకొని మరలిపోయాడు.

కాబట్టి నౌకల ఆకృతిని, జెండాల రంగులను యథాతథంగా చిత్రించినంత మాత్రాన క్రీడకు వాస్తవికత సిద్ధించదు. తెరచాప నౌక గాలికి నేరుగా ఎదురేగలేదు. పేల్చిన ఫిరంగిని మరల నింపడానికి వ్యవధి కావాలి. గాలి, లోతు, కాలం – ఈ మూడింటినీ గౌరవించిన క్రీడయే నాటి నావికుని ఆలోచనను నేటి యువకునికి నేర్పగలదు. లేనిచో అతడు వేషాన్నే చరిత్రగా భ్రమిస్తాడు.