కోడిగుడ్డు నేర్పిన నాడీశాస్త్రము

శింగనమల ప్రాంతములో మనము వానను లెక్కించుకొని బ్రతికేవారము. అనంతపురం జిల్లాకు ఏటా సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇటువంటి చోట కోడిగుడ్డు తినవలసిన వస్తువే గాని, పగులగొట్టి చూచి పారవేయవలసినది కాదు. పిండాభివృద్ధి పాఠము కొరకు పొదిగిన గుడ్లు కావలెనని మేము కోరినప్పుడు ఒక విద్యార్థిని నానీ మమ్ములను సూటిగా అడిగినది: "సాబ్, ఈ గుడ్డు బిడ్డ కడుపులో పడితే బలం గదా, పగలగొట్టి చూస్తే ఏమొస్తుంది?"

ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము.

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు ఉన్నవి. నడుము వద్ద వెన్నుపాములో ఉన్న ఒక కణము తన తంతువును కాలి కండరము వరకు, దాదాపు ఒక మీటరు దూరము పంపగలదు. దారి చూపేవారు లేకుండ అది ఆ చోటును ఎట్లు చేరును? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటలోనే ఒక్కొక్క ప్రయోగ పద్ధతి పుట్టినది.

మొదటిది రంగు వేయు పద్ధతి. నాడీకణములు సూక్ష్మదర్శిని క్రింద కూడ ఒకదానిలో ఒకటి చిక్కుకొని కనిపిస్తవి. ఇటలీ దేశపు కామిల్లో గాల్జీ 1873లో వెండి లవణముతో ఒక రంజన పద్ధతిని కనుగొన్నాడు. దీనిలో కొద్ది కణములు మాత్రమే రంగు పట్టును. కాని పట్టినవి కొమ్మలతో సహా నల్లగా, స్పష్టముగా కనిపించును. స్పెయిన్ దేశపు రామోన్ కహాల్ ఈ పద్ధతిని పక్షుల మెదడుకు, పిండములకు ఉపయోగించినాడు. ఎదిగిన మెదడు కంటె పిండములో తంతువులు పలుచగా ఉండును గనుక చూచుట సులభము. 1890లో ఆయన కోడి పిండములో, పెరుగుచున్న తంతువు కొనయందు ఉబ్బెత్తు భాగమును గుర్తించినాడు. దానినే వృద్ధిశంకువు అంటారు. ఇద్దరికి కలిపి 1906లో నోబెల్ బహుమతి లభించినది.

అయితే రంగు వేసిన కణము చనిపోయిన కణము. అది కదలినదని ఊహించవలసినదే గాని చూడలేము. ఈ లోటును రాస్ హారిసన్ తీర్చినాడు. 1907లో ఆయన కప్ప పిండమునుండి చిన్న నాడీ భాగమును తీసి, గడ్డకట్టిన కప్ప లసిక బిందువులో ఉంచి, ఆ బిందువును గాజుపలక క్రింద వ్రేలాడునట్లు అమర్చినాడు. సజీవమైన తంతువు కణమునుండి బయలుదేరి సాగుట ఆయన కండ్లారా చూచినాడు. శరీరము వెలుపల కణములను పెంచు పద్ధతికి, అనగా కణజాల వర్ధనమునకు, ఇది పునాది అయినది.

మూడవది తీసివేసి చూచు పద్ధతి. విక్టర్ హాంబర్గర్ 1934లో కోడి పిండమునుండి రెక్క మొలకను తొలగించిన ఫలితములను ప్రకటించినాడు. ఆ వైపు నాడీకణములు తగ్గిపోయినవి. ఈ వ్యాసము ఇటలీలో రీటా లేవీ మోంటల్చీనీ చేతికి వచ్చినది. ఆమె యూదు స్త్రీ. 1938 నాటి జాతి చట్టముల వలన విశ్వవిద్యాలయము ద్వారములు ఆమెకు మూసుకొనినవి. ఆమె తన పడకగదినే ప్రయోగశాలగా చేసుకొని, కుట్టుసూదులను సానపట్టి పరికరములుగా వాడినది. బాంబుల భయముతో పల్లెకు చేరినప్పుడు రైతుల ఇండ్లకు వెళ్లి గుడ్లు సేకరించినది. తుదకు ఆమె గ్రహించినదేమనగా: కణములు పుట్టకపోవుట కాదు, పుట్టి, తమ గమ్యము లభించక మరణించుచున్నవి. గమ్యమునుండి వచ్చే ఏదో పదార్థము వానిని బ్రతికించుచున్నదన్న అన్వేషణ తరువాత అమెరికాలో నాడీ వర్ధక కారకమును కనుగొనుటకు దారి తీసినది. 1986లో ఆమెకు, స్టాన్లీ కోహెన్‌కు నోబెల్ బహుమతి వచ్చినది.

నేడు పద్ధతులు మరింత ముందుకు సాగినవి. 1976లో ఎలుక అడ్రినల్ గ్రంథి కణితినుండి రూపొందించిన పీసీ12 అను కణవంశము, ఈ కారకమును ఇచ్చినప్పుడు విభజన మాని నాడీకణము వలె కొమ్మలు చాచును. 2007 నాటికి మనిషి చర్మకణమునే మూలకణముగా మార్చి, దానినుండి నాడీకణమును పెంచు మార్గము తెరచుకొనినది. 2013లో వియన్నాలో మెదడును పోలిన చిన్న కణజాలమును పాత్రలో పెంచినారు. కణజీవశాస్త్ర పరిశోధనకు మన హైదరాబాదులో 1977లో ఆరంభమైన సీసీఎంబీ కలదు. అది మన విద్యార్థులకు అందరాని చోటు కాదు.

ఇక నానీ ప్రశ్న. మూడవ రోజు గుడ్డును తెరచినప్పుడు మా విద్యార్థులు కొట్టుకొనుచున్న గుండెను, పెద్ద కన్నును, మెదడు కాబోయే ఉబ్బులను చూచినారు. చదునైన పొర ముడుచుకొని గొట్టముగా మారుటయే నాడీమండలమునకు ఆరంభము. కోడిలో ఈ పని చాలమట్టుకు మొదటి రెండు రోజులలోనే ముగియును. మనిషిలో గర్భధారణనుండి సుమారు 28 రోజులలో. అప్పటికి చాలమంది తల్లులకు తాము గర్భవతులమని కూడ తెలియదు. ఆ గొట్టము సరిగా మూసుకొనకపోయిన బిడ్డ వెన్ను లోపముతో పుట్టును. ఇంతకు ముందు అట్టి బిడ్డను కన్న తల్లులలో, ఫోలిక్ ఆమ్లము ముందుగా తీసుకొనినవారికి ఆ ముప్పు 72 శాతము తగ్గినదని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ప్రకటించినది. కావుననే గర్భము నిలువక ముందునుండి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసుకొనవలెనని వైద్యులు చెప్పుచున్నారు. ఆకుకూరలలోను, మన చేలలో పండే వేరుశనగలోను ఈ పోషకము కొంత కలదు. అయినను మాత్ర అవసరమే.

గుడ్డు బిడ్డ కడుపులో పడితే బలమన్న మాట నిజమే. ఆ బిడ్డ వెన్ను మొదటి నెలలోనే రూపొందునని తెలిసికొనుట మరొక బలము. పెండ్లి కాబోవు మన విద్యార్థినులలో ఒక్కరైనను ఈ మాటను ఇంటికి తీసుకొని వెళ్లిన, ఆ గుడ్డు వృథా కాలేదు.

కళాశాల సంఘము పెద్దలకు మా మనవి ఒకటే. కరెంటు పోయినపుడు మా పొదుగు యంత్రము చల్లబడినది. నానీగారి పొదుగుకోడియే మమ్ములను ఆదుకొనినది. రాబోవు సంవత్సరమునకు బ్యాటరీతో నడిచే యంత్రమొకటి, మంచి సూక్ష్మదర్శిని ఒకటి ఇప్పించిన, మిగిలినది మన పిల్లలే చూచుకొనగలరు.