నల్లరేగడి ఇంట చేపల పులుసు

కోవిల్‌పట్టి అనగానే ఎవరికైనా ముందు కడలై మిఠాయి గుర్తుకొస్తుంది. విరుదునగర్ అంటే నూనెలో కరకరలాడే పరోటా. ఈ రెండు ఊళ్ళ పేర్లు చెప్పి చేపల సంగతి ఎత్తితే, "అక్కడ సముద్రం ఎక్కడుందమ్మా?" అని మా పుట్టింటివాళ్ళే నవ్వుతారు. నిజమే, చుట్టూ నల్లరేగడి. సజ్జ, జొన్న, పత్తి, మినుము పండే మెట్టభూమి. అయితే కోవిల్‌పట్టి నుంచి ఎట్టయపురం మీదుగా తూత్తుకుడి రేవు దాదాపు 60 కిలోమీటర్లే. విరుదునగర్ నుంచైతే 100 పైచిలుకు. తెల్లవారుజామున రేవులో దిగిన చేప మధ్యాహ్నం వంటకు మా పొయ్యి మీదికి వస్తుంది. ఈలోగా దాన్ని ఎలా చూసుకున్నామన్నదే అసలు సంగతి. ఆ పాఠం నేను కష్టపడే నేర్చుకున్నాను.

అత్తగారి తెలుగులో లేని సముద్రం

నేను నెల్లూరు వైపు పిల్లను. చేపల పులుసు లేని ఆదివారం ఎరగను. పెళ్ళయ్యాక కోవిల్‌పట్టి దగ్గర ఒక పల్లెకు కాపురానికి వచ్చాను. మెట్టినింట్లో అందరూ మాట్లాడేది తెలుగే. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణాదికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. ఇక్కడికి దగ్గర్లోని ఇడైసెవల్‌లో పుట్టిన ప్రసిద్ధ తమిళ రచయిత కి. రాజనారాయణన్ గారిదీ తెలుగు ఇల్లే. 1976లో వచ్చిన ఆయన నవల 'గోపల్ల గ్రామం' ఈ వలస కథే. దాని తరువాయి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

మా అత్తవారి పెద్దలు సేద్యం చేసుకునేవాళ్ళు. వాళ్ళకు చేపంటే కన్మాయిలో, అంటే ఊరి చెరువులో, పట్టిన చేప. సముద్రం చేపైతే ఎండి, ఉప్పు పట్టి, సంతకు వస్తేనే ఇల్లు చేరేది. అందుకే మా అత్తగారి తెలుగులో సముద్రం లేదు. వచ్చిన కొత్తలో చేపలమ్మే ఆవిడను "కానాగంతలున్నాయా?" అని అడిగితే ఆమె అత్తగారి ముఖం చూసింది, అత్తగారు నా ముఖం చూశారు. తీరా చూస్తే బుట్టలో ఉన్నవి అవే! ఆవిడ వాటిని అయిలై అంటుంది. అత్తగారికి ఏ పేరూ లేదు.

ఒక ఎండ మధ్యాహ్నం

మా పాపకు ఆరేళ్ళప్పటి మాట. మావారు పనిమీద తూత్తుకుడి వెళ్ళి, చవగ్గా దొరికాయని రెండు కిలోల కానాగంతలు కొని, మోటారు సైకిలుకు సంచీ తగిలించుకుని వచ్చారు. మంచు వేయించలేదు. మార్చి ఎండ. వాసనేమీ లేదు కదా అని నేను పులుసు పెట్టేశాను. తిన్న గంటలోపే పాప ముఖం ఎర్రబడింది. ఒళ్ళంతా దద్దుర్లు, తలనొప్పి, వాంతి. మా కాళ్ళూ చేతులూ ఆడలేదు.

సాయంత్రానికి పాప తేరుకున్నాక డాక్టరుగారు విడమరిచి చెప్పారు. కానాగంతలు, కవళ్ళు, సూర చేపల వంటివి చల్లగా ఉంచకపోతే వాటి కండలో సూక్ష్మజీవుల వల్ల హిస్టమిన్ అనే పదార్థం పుడుతుందట. వాసన రాకముందే పుట్టవచ్చు. ఒకసారి పుట్టాక ఎంత ఉడికించినా పోదు. పాపకు చేప పడక వచ్చిన జబ్బు కాదని తేల్చారు. అమ్మినవాళ్ళ తప్పు కాదు, ముమ్మాటికీ మాదే.

అత్తగారు మాత్రం, "ఇక ఈ గడపలోకి సముద్రం చేప రాకూడదు" అన్నారు. రెండేళ్ళు రాలేదు. ఎదురు చెప్పే ముఖం నాకు లేదు.

కరువాడు కలిపిన మాట

ఒక వానరోజు సజ్జ అంబలిలోకి అత్తగారు ఉప్పుచేప వేయిస్తున్నారు. "ఈ కరువాడును మీ తెలుగులో ఏమంటారమ్మాయ్?" అని అడిగారు.

"మా వైపు కూడా కరువాడనే అంటారత్తా."

ఆమె గరిటె ఆపేశారు. "నేనిది అరవ మాటనుకున్నానే! అయితే మనదేనా?"

ఇద్దరిదీనని నేనన్నాను. ఆ వారమే ఆమె నాతో, "మంచు వేయించి తెప్పించు, చూద్దాం" అన్నారు. అంతకంటే ఏం కావాలి!

కొనేటప్పుడు, వండేటప్పుడు

అప్పటినుంచీ మా ఇంటి పద్ధతి ఇది. చేప కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. మొప్పలు ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. కిలో చేపకు కిలో మంచు లెక్కన పెట్టెలో తెచ్చుకోవాలి. తెచ్చిన రోజే వండాలి, లేదా శుభ్రం చేసి గడ్డకట్టే అరలో పెట్టాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం. ఇక్కడ 2017 నుంచి ఇది 61 రోజులైంది, అంతకుముందు 45 రోజులే. చేపలు గుడ్లు పెట్టి సంతతి పెరగడానికి ఈ విరామం. ఆ రోజుల్లో నాటుపడవల చేప కొద్దిగా దొరుకుతుంది, ధర మండుతుంది. అప్పుడు మేము కరువాడుతో, చెరువు చేపతో సరిపెట్టుకుంటాం.

ఇక పులుసు. కిలో వంజరం ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించాలి. నువ్వుల నూనెలో ఆవాలు, మెంతులు, కరివేపాకు, ఉల్లి, టమాటా మగ్గనిచ్చి, కారం, ధనియాల పొడి వేసి, పెద్ద నిమ్మకాయంత చింతపండు పులుసు పోయాలి. బాగా మరిగాక చేప ముక్కలు, నాలుగు పచ్చిమామిడి ముక్కలు వేసి పది పన్నెండు నిమిషాలు ఉడకనివ్వాలి. గరిటె పెట్టకూడదు, గిన్నెనే తిప్పాలి. దించే ముందు వేయించిన మెంతి, జీలకర్ర పొడి. ఇది నెల్లూరు దారి. అత్తగారు ఇందులో కొబ్బరి నూరి కలుపుతారు, అది తూత్తుకుడి దారి. మా ఇంట్లో ఒక ఆదివారం ఆ దారి, ఒక ఆదివారం ఈ దారి.

విరుదునగర్ హోటల్లో

మొన్నామధ్య పెళ్ళి బట్టలకని విరుదునగర్ వెళ్ళాం. మధ్యాహ్నం భోజనానికి హోటల్లో కూర్చుంటే ఆకులో అన్నం వడ్డించి, అడగకుండానే చేపల కుళంబు పోశారు. హోటల్లో నేను పాటించేది ఒక్కటే. పట్టిక చదవను. "ఇవాళ ఏ చేప వచ్చింది? ముక్క ఎంత?" అని ముందే అడుగుతాను. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

వడ్డించే అబ్బాయి వంజరం, నెత్తిలి, అయిలై అని చెప్పాడు. కాలేజీ చదువుకొచ్చిన మా అమ్మాయి, "అయిలై మాత్రం వద్దు నాయనమ్మా" అంది.

అత్తగారు ముక్క తుంచుతూ అన్నారు: "కానాగంత అనవే పిల్లా! భయమెందుకు? మంచులో వచ్చిందో లేదో అడుగు."

ఇంతకంటే నేను చెప్పేదేముంది? మన వంటింటి గోడకు ఒక కాగితం అంటించి రెండు భాషల్లోనూ చేపల పేర్లు రాసుకుందాం. చందువ అంటే వవ్వాల్, పండుగప్ప అంటే కొడువా, నెత్తళ్ళు అంటే నెత్తిలి. కొనేటప్పుడు ఆ పేరు, తినేటప్పుడు ఈ పేరు. పిల్లలకు రెండూ రుచిస్తాయి.