మంచు గచ్చు మీద నాట్యం

ఈ వారం మీకొక గుమాస్తా అమ్మాయి సంగతి చెబుతాను. పేరు జేన్ టార్విల్. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ఆమె ఊరు. పగలంతా ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం, తీరిక దొరికినప్పుడల్లా స్కేటింగ్. 1975లో ఆమెకు జోడీగా కుదిరినవాడు క్రిస్టఫర్ డీన్. ఆయన పోలీసు ఉద్యోగి.

ఇంతకీ ఐస్ డాన్సింగ్ అంటే ఏమిటంటారా? బూట్ల అడుగున సన్నని ఉక్కు పట్టీలు బిగించుకుని, నున్నని మంచు గచ్చు మీద ఆడా మగా జంటగా చేసే నాట్యం. జంటలు చేసే స్కేటింగ్ ఇంకొక రకం ఉంది. అందులో స్త్రీని తలపైకి ఎత్తుతారు, గాలిలోకి విసురుతారు. చూస్తుంటే మన గుండె ఆగినంత పనవుతుంది! ఇందులో అలాంటివి కుదరవు. తాళానికి తగ్గ అడుగు, విడిపోకుండా కలిసి కదలడం, భావం, ఇవే ముఖ్యం. ఒలింపిక్సులో దీనికి చోటు దొరికింది 1976లోనే.

1980 ఒలింపిక్సులో వీళ్ళు అయిదో స్థానంలో వచ్చారు. ఉద్యోగం చేస్తూ ఇంతకన్నా పైకి పోలేమని తోచింది కాబోలు, ఇద్దరూ ఉద్యోగాలు మానేశారు. నెలజీతం వదులుకోవడమంటే మాటలా? మనింటి పిల్ల ఆ మాటంటే మనమేమంటామో మీరే ఆలోచించండి. అదృష్టం కొద్దీ ఊరి కౌన్సిలు 42,000 పౌండ్ల సాయం చేసింది. 1981 నుంచి 1984 దాకా వరసగా నాలుగేళ్ళు ప్రపంచ ఛాంపియన్లు వాళ్ళే.

1984 ఫిబ్రవరి 14న సారయేవో ఒలింపిక్సులో రావెల్ రాసిన 'బొలేరో' సంగీతానికి నర్తించారు. అక్కడొక చిక్కొచ్చిందండీ. నిబంధన ప్రకారం 4 నిమిషాల 10 సెకన్లకు మించకూడదు. సంగీతాన్ని ఎంత కుదించినా 4 నిమిషాల 28 సెకన్లకు తగ్గలేదు. అయితే స్కేటింగ్ మొదలైన క్షణం నుంచే కాలం లెక్కిస్తారు. అందుకని మొదటి 18 సెకన్లూ ఇద్దరూ మోకాళ్ళ మీదే ఉండి, చేతులతో, నడుముతో ఊగారు! సంసారంలో చాలీచాలని బట్టతో రవిక కుట్టించే మనకు ఆ తెలివి బాగా అర్థమవుతుంది. కళాత్మకతకు తొమ్మిదిమంది న్యాయనిర్ణేతలూ ఆరుకు ఆరు మార్కులిచ్చారు.

వీళ్ళు భార్యాభర్తలని లోకమంతా అనుకుంది. కారు. ఎవరి పెళ్ళి వారిదే. జేన్ 1990లో ఫిల్ క్రిస్టెన్‌సెన్‌ను పెళ్ళాడింది.

1984 తర్వాత డబ్బు తీసుకుని ప్రదర్శనలిచ్చే వృత్తిలోకి వెళ్ళారు. అలాంటివారికి పోటీల్లో ప్రవేశం ఉండేది కాదు. నిబంధన సడలించాక 1994లో మళ్ళీ వచ్చారు. అప్పటికి జేన్‌కు ముప్ఫయ్యారేళ్ళు. ఐరోపా పోటీల్లో గెలిచారు గాని, లిల్లెహామర్ ఒలింపిక్సులో మూడో స్థానమే దక్కింది. ఇంగ్లండు జనం చాలా నొచ్చుకున్నారు. నన్నడిగితే, పదేళ్ళ విరామం తర్వాత పతకంతో తిరిగిరావడం తక్కువేమీ కాదు.

సారయేవోలో వాళ్ళు నర్తించిన భవనం తర్వాత యుద్ధంలో ధ్వంసమైంది. మళ్ళీ కట్టారు. 2014లో, ముప్ఫయ్యేళ్ళకు, ఇద్దరూ అక్కడికే వెళ్ళి అదే 'బొలేరో'కు మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నారు.